జాగ్వార్ కింద టోకెన్ నంబరు

ఇందాలోని మా ఇంట్లో ఒక జాగ్వార్ కారు ఉంది. పొడవు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. జింకు మిశ్రమ లోహంతో పోత పోసిన బొమ్మ అది. 1959లో బ్రిటన్‌లో విడుదలైన జాగ్వార్ మార్క్ 2కు నకలు. చూడటానికి పెద్దమనుషుల కుటుంబ కారు. పరుగులో మాత్రం స్పోర్ట్స్ కారు. అందుకే అక్కడి పోలీసులూ ఆ బండినే ఇష్టపడ్డారు, దొంగలూ ఆ బండినే ఇష్టపడ్డారు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు మాత్రం అసలు కారు ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే లేదు.

ఆ బొమ్మ ఇక్కడికి చేరడం వెనుక ఒక రాజకీయార్థిక చరిత్ర ఉంది. (రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకు బొమ్మలోనూ అదే కనిపిస్తుంది, ఏం చేస్తాం.) లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1930ల్లో తన హార్న్‌బీ బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి చిన్న కార్లు చేయడం మొదలుపెట్టింది. అవే డింకీ టాయ్స్ అయ్యాయి. మోడల్ కార్ల ప్రపంచంలో నేటికీ చెల్లుబాటయ్యే 1:43 నిష్పత్తి కూడా 'ఓ' గేజి బొమ్మ రైళ్ల నుంచి వచ్చిందే. కార్ల కొలతకు రైలే మూలమన్న సంగతి రైల్వే ఊళ్లో పుట్టినవాడిగా నాకు మహా ఇష్టం.

1960ల చివర్లో కొన్ని డింకీ అచ్చులు కలకత్తా చేరాయి. విదేశీ వస్తువులను ఇష్టం వచ్చినట్లు దిగుమతి చేసుకునే రోజులు కావవి. వినియోగ వస్తువులపై చివరి విడత పరిమాణ ఆంక్షలు తొలగేసరికి 2001 వచ్చింది. బొమ్మ రాలేని చోటికి అచ్చు వచ్చిందన్నమాట. అలా కలకత్తాలో పోత పోసినవే నిక్కీ టాయ్స్. కారును తిరగేస్తే అడుగు రేకు మీద డింకీ పేరును చెరిపి నిక్కీ అని దిద్దిన ఆనవాలు కనిపిస్తుంది. స్కూలు పుస్తకం మీద అన్న పేరు కొట్టేసి తమ్ముడి పేరు రాసుకున్నట్లు ఉంటుంది ఆ పని.

మా తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరిన వేలమందిలో ఒకరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ సాగిన వలస అది. 1970లో పని మీద కలకత్తా వెళ్లినప్పుడు నాన్న కోసం ఈ కారు కొన్నారు. ఏడాది తిరక్కుండానే ముందు ఇరుసు ఊడిపోయింది. తాతయ్య సైకిలు పుల్ల ముక్క కోసి ఇరుసు వేసి, కొసను సుత్తితో కొట్టి రివెట్టులా చదును చేశారు. రంగు పెచ్చులూడితే రైలు బోగీల మెరూన్ రంగు పూశారు. ఆ రంగు ఎక్కడిదని ఇంట్లో ఎవరూ అడగలేదు. చివరికి నంబరు పంచ్‌లతో అడుగు రేకు మీద తన వర్క్‌షాపు టోకెన్ నంబరు కొట్టారు. "బండన్నాక నెంబరుండాలి గదేటి" అన్నారట. 2008లో టాటాలు జాగ్వార్ కంపెనీని కొన్నప్పుడు నాన్న పేపరు మడిచి, "మనం ముప్పై ఎనిమిదేళ్ల ముందే కొన్నాం" అన్నారు.

కిందటి చలికాలంలో తెలిసినవారి ద్వారా కోల్‌కతా నుంచి ఒక సేకర్త వచ్చారు. భూతద్దంతో అరగంట చూశారు. సేకర్తల లెక్క తెలిసిందే. అసలు రంగు, అసలు చక్రాలు, వీలైతే అట్టపెట్టె కూడా ఉండాలి. ఎవరూ ఆడుకోని బొమ్మకే ఎక్కువ ధర పలికే ఆ లెక్క నాకెప్పుడూ మింగుడుపడలేదు. అయితే ఆయన విషయం తెలిసిన మనిషి. పోత లోహంలో సీసం కలిస్తే బొమ్మ దానంతటదే పగిలి పొడి అయిపోతుందని, యుద్ధానికి ముందరి డింకీలు చాలావరకు అలాగే పోయాయని చెప్పారు. నిక్కీల చరిత్ర ఈమాత్రం మిగిలిందంటే ఇలాంటి వాళ్ల చలవే.

రివెట్లు తొలిచి రేకు విడదీస్తానని, మెరూన్ రంగు కడిగేస్తానని ఆయన అన్నారు. చెప్పిన ధర నాన్న నెల పెన్షనులో సగానికి పైనే. మేడ మీద శ్లాబు కారుతోంది. నాన్న ఆలోచనలో పడ్డారు. "మరి ఆ నంబరు?" అని బెంగాలీలో అడిగారు. పుట్టీతో పూడ్చేసి సాపు చేస్తానని ఆయన దాపరికం లేకుండా చెప్పారు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు ఎవరి పేరిట వచ్చిందో ఆ తరం చేతిరాత ఊళ్లో ఎక్కడుంది? తాతయ్య ఉన్న క్వార్టరులో ఇప్పుడు వేరెవరో ఉన్నారు. ఆయన బిగించిన చక్రాలు ఎప్పుడో తుక్కుకు వెళ్లిపోయాయి. రేషన్, ఆస్పత్రి, జీతం అన్నీ ఆ నంబరు మీదే నడిచాయి. అది కొట్టి ఉన్న వస్తువు మాకు ఇదొక్కటే మిగిలింది.

నాన్న ఇవేమీ అనలేదు. "ఉండనివ్వండి" అని మాత్రం అని, టీ తెమ్మన్నారు. సేకర్త నొచ్చుకోలేదు. వెళ్లేముందు కారును మరోసారి చేతిలోకి తీసుకుని ముందు చక్రాలను వేలితో తిప్పారు. ఇరుసు ఎవరు వేశారని అడిగారు. యాభై ఏళ్లు దాటినా కొంచెం కూడా ఊగడం లేదన్నారు.

శ్లాబు ఇంకా కారుతూనే ఉంది.