కాలువ కట్ట మీద 1600 మీటర్లు

వేములపల్లి దగ్గర అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి నాగార్జునసాగర్ ఎడమ కాలువను దాటుతుంది. వంతెన మీద నిలబడితే రెండు దారులు ఒక్కసారే కనిపిస్తాయి. కాళ్ల కింద లారీల వరస తెగని తారు రోడ్డు. పక్కన కాలువ వెంట నిదానంగా ఒంపు తిరుగుతూ పోయే మట్టి కట్ట, దానిమీద జీపు పట్టేంత బాట. పొద్దు పొడవకముందే పరుగుకు వచ్చే పల్లె యువత ఈ రెంటిలో తరచుగా తారు రోడ్డునే పట్టుకుంటున్నది. ఎందుకలా అన్న ప్రశ్నతోనే నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో కాలువ కట్టలు, చెరువు కట్టలు, బండ్ల బాటలు, కొత్తగా వెలసిన పార్కులు చూసి వచ్చాను. నాకు తేలింది ఒకటే. పల్లెకు పరుగుబాటను కొత్తగా కట్టక్కరలేదు. అది ఎప్పటినుంచో ఉన్నది, దాన్ని బాటగా లెక్కలోకి తీసుకున్నవాళ్లే లేరు.

ముందుగా ఈ పరుగు ఎవరిదో చూడాలి. ఇక్కడ పరుగంటే నగరాల్లో ఆదివారం పొద్దున సరదాగా పెట్టుకునే పందెం కాదు. కొలువు కోసం తీసే పరుగు. తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. అంటే మగపిల్లలు నూరు మీటర్లకు 27 సెకన్ల చొప్పున పదహారుసార్లు ఆగకుండా పోవాలి. దీనికి ఊరు ఇస్తున్నదేమిటి? 2019లో మొదలైన పల్లె ప్రగతితో పల్లె ప్రకృతి వనాలు, ఆ తర్వాత క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. నీడకు, పిల్లల ఆటకు అవి మంచివే, కాదనను. కానీ చాలా ఊళ్లలో అవి ఎకరానికి అటూఇటూ ఉండే స్థలాలు. ఎకరం చదరంగా ఉందనుకుంటే భుజం 64 మీటర్లకు లోపే, చుట్టుకొలత 254 మీటర్లు. 1600 మీటర్లు పూర్తికావాలంటే ఆరు చుట్లు దాటాలి, పాతికసార్లు మూల తిరగాలి. ప్రతి మూలకూ వేగం తగ్గుతుంది, మోకాలు, మడమ మెలిపడతాయి. అందుకే పిల్లలు తిన్నగా సాగే దారి వెతుక్కుంటారు, రోడ్డెక్కుతారు. వాళ్లది తెలివితక్కువతనం కాదు, గత్యంతరం లేకపోవడం.

కాలువ కట్ట సరిగ్గా ఆ లోటునే పూడుస్తుంది. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. అప్పటినుంచి ఈ కట్ట మీద కాలువ కాపలా చూసే లష్కర్లు, ఇంజనీర్లు, వడ్ల ట్రాక్టర్లు తిరుగుతూనే ఉన్నాయి. నీరు తనంత తానుగా పారాలి కనుక కాలువ వాలు కంటికి ఆనదు, కట్ట కూడా దానితోపాటే సమంగా సాగుతుంది. గుట్టలూ బండలూ నిండిన ఈ మెట్టసీమలో అంత సమంగా సాగే నేల మరొకటి దొరకదు. మట్టి గనుక పాదానికి తారు కన్నా మెత్తన. దూరం కొలిచే పని కూడా లేదు. ప్రతి తూమూ, ప్రతి వంతెనా కాలువ తల నుంచి ఎన్నో కిలోమీటరులో ఉందో నీటిపారుదల శాఖ రికార్డుల్లో ఉంటుంది. తూము నుంచి 800 మీటర్ల దగ్గర ఒక రాయి పాతితే పోయి రావడానికి 1600 మీటర్లు. నాకు మరో సంగతి కూడా పట్టింది. దేశం నలుమూలలా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవాళ్లలో పాలమూరు కూలీలది పెద్ద వాటా. తట్టలతో కట్టలు పోసిన చేతుల మనుమలు, మనుమరాళ్లు వాటి మీద పరుగెత్తడానికి ఎవరినీ బతిమాలుకోవలసిన పని ఉండకూడదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది ప్రమాదం. నిండుగా పారే పెద్ద కాలువలో జారితే ఈత వచ్చినవాడు కూడా సిమెంటు వాలు పట్టుకుని పైకి రావడం కష్టం. చీకట్లో పాములుంటాయి. ఇవి నిజాలు, తోసిపుచ్చలేను. అందుకే పెద్ద కాలువ అంచు పరుగుబాట కావాలని నేననను. మేజర్లు, మైనర్లు అనే పిల్ల కాలువల కట్టలు, ఊరి చెరువు కట్టలు చాలు. పెద్ద కాలువ మీద పోక తప్పనిచోట నీటికి దూరంగా ఉండే అంచును బాగుచేయాలి, మెట్లు, పట్టుకునే గొలుసులు పెట్టాలి. అయితే ప్రమాదాన్ని దేనితో పోల్చి తూస్తున్నామన్నది మరవకూడదు. ఎదురుగా ఉన్నది లారీ దీపాల వెలుగులో, రోడ్డు అంచున పరుగు. కట్ట సర్కారు ఆస్తి, జనం తిరిగితే చెడుతుందన్నది ఇంకో మాట. వడ్ల లోడు ట్రాక్టరు మోస్తున్న కట్ట మనిషి పాదానికి కుంగదు. కట్టకు చేటు చేసేవి తుమ్మ వేళ్లు, ఎలుక బొరియలు, ఎవరి కంటా పడని ఊట. 2022 సెప్టెంబరులో నిడమనూరు దగ్గర ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. రోజూ నలుగురు తిరిగే కట్ట మీద తడి మచ్చ కనబడితే కబురు ముందే అందే అవకాశం ఉంటుంది. గండ్లన్నీ అలా ఆగిపోతాయని కాదు, చూసే కళ్లు పెరగడం కట్టకు మేలేనంటున్నాను.

ఒళ్లు వంచి పని చేసే ఊళ్లో పరుగెందుకన్నది పెద్దల సందేహం. నాటు వేసే నడుముకు పరుగు బదులు కాదు, పరుగుకు నాటు బదులు కాదు. పైగా నల్లగొండలో ఈ మాటకు వేరే బరువుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడు తరాల తరబడి మోకాళ్లను, వెన్నులను బిగదీసింది. ఆ జిల్లాలో కృష్ణ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు కాలువ వెంట పరుగు తీయడం మామూలు విషయంగా నాకు తోచదు.

ఆడపిల్లల సంగతికి వస్తే నా వాదం కొంత తడబడుతుంది. ఊరికి దూరంగా, జనం మసలని కట్ట వాళ్లకు భయమే. రోడ్డు మీద కనీసం వెలుగు, మనుషుల అలికిడి ఉంటాయి. కొన్నిచోట్ల కట్టల మీద పగిలిన సీసాలు, బహిర్భూమి ఆనవాళ్లు నేనూ చూశాను. వాళ్ల 800 మీటర్లకు ఊరిని ఆనుకున్న చెరువు కట్టే తగినది. సద్దుల బతుకమ్మనాడు ఊరి ఆడవాళ్లంతా కదిలివచ్చే కట్ట అది. ఏడాదికొకసారి ధైర్యంగా నిండే చోటును రోజూ నాలుగు దీపాలతో, నలుగురైదుగురు కలిసి పరుగెత్తే ఏర్పాటుతో నింపుకోవచ్చు. నల్లగొండ పక్కన పానగల్లులో, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊళ్లోనే, ఉదయసముద్రం కట్ట ఉంది. కందూరు చోళుల నాటి చెరువు ఈనాడు మాధవరెడ్డి ప్రాజెక్టుకు జలాశయమై అక్కంపల్లి నుంచి వచ్చే కృష్ణ నీళ్లు పట్టుకుంటున్నది. ఇలాంటి కట్టలను మినీ ట్యాంక్‌బండ్ పేరుతో బాగుచేసేటప్పుడు మొత్తం టైల్స్ పరిచేయడం నాకు నచ్చదు. ఒక వరస మట్టిని మట్టిగా వదిలితే పరుగుకు అంతకుమించి అక్కరలేదు.

మహబూబ్‌నగర్‌కు ఆనుకుని అప్పన్నపల్లిలో 2 వేల ఎకరాలకు పైబడిన ఎకో పార్కు ఉంది. పట్నంవాళ్లకు మంచి చోటు. దేవరకద్ర పక్క పల్లె నుంచి రోజూ తెల్లవారుజామున అక్కడికి ఎవరు పోగలరు? కాలువ చేరని పాలమూరు చెల్కల్లో మిగిలింది నక్షా బాటే. ఊరి పటంలో గీసి ఉన్న బండ్ల బాట అది. బండ్లు పోయాక ఏడాదికో సాలు చొప్పున చేన్లలో కలిసిపోతున్నది, జడ్చర్ల వైపు వెంచర్ల కంచెల్లో తెగిపోతున్నది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1949 చట్టంతో కాలిబాటలు అధికారిక పటాల మీదికి ఎక్కి హక్కుగా నిలిచాయి. మనకు పటం ముందే ఉంది, సర్వేయరు గొలుసు పట్టుకుని నేల మీద చూపడమే తరువాయి. కాలువల మీద పనికి ఏటా ఒక అదను వస్తుంది. యాసంగి ముగిసి తూములు మూశాక వేసవిలో మరమ్మతుల అంచనాలు రాస్తారు. ఆ కాగితంలో ప్రతి ఊరి పక్కన మైనరుకు రెండు రాళ్ల ఖర్చు చేరాలి. తూము దగ్గర సున్నా అని ఒకటి, 800 అని మరొకటి.