కాలిన టేకు వాసన

భరింపరాని బాధను చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారికి రంపం గుర్తుకు వస్తుంది. ‘రంపపుకోత’ అంటారు. కోడలిని అత్త వేధిస్తే ‘రాచి రంపాన పెడుతోంది’ అంటారు. ఆ పనిముట్టుకు ఇంత అపకీర్తి ఎందుకు వచ్చిందో గాని, వడ్రంగుల అనుభవం వేరు. పదునుగా, తిన్నగా నడిచే రంపం కొయ్యను సతాయించదు. సతాయించేది దారి తప్పిన రంపమే. సత్తెనపల్లిలోని ఒక వడ్రంగిపాకలో ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి ఈ భేదం ఒక్క పూటలో తెలిసివచ్చింది.

సత్తెనపల్లి 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. చుట్టూ పత్తి, మిరప పండే నల్లరేగడి నేలలు. ఒకప్పుడు ఇక్కడి వడ్రంగులకు వ్యవసాయమే అన్నం పెట్టేది. తుమ్మకొయ్యతో నాగళ్ళు, గొర్రులు, బండిచక్రాలు చేసేవారు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. ఇప్పుడు ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు. బాడిస మూలకు చేరింది. పాక నడుమ ఇనుప బల్ల, బల్ల కింద మోటారు, బల్ల చీలికలోనుంచి పైకి తేలి తిరిగే గుండ్రని రంపపు బిళ్ళ వెలిశాయి. పనివారు దీనిని కోతమిషను అంటారు.

అవి కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. గాలిలోనే ఘాటు ఉంటుంది. ఆ ఘాటును కూడా దాటుకొని వాకిట్లో కూర్చున్న మేనమామ ముక్కుకు కాలుతున్న టేకు వాసన తగిలింది. లోపల మేనల్లుడు ద్వారబంధపు చెక్కను నిలువునా కోస్తున్నాడు. మూడోనాడు ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం. చెక్క సగం దాకా వెళ్ళి మొరాయించింది. మోటారు మూలుగుతోంది, పొగ లేస్తోంది. కుర్రవాడు రెండు చేతులతో చెక్కను బలంగా నెడుతున్నాడు.

“అల్లుడూ, నెట్టొద్దు! ఆపు!”

స్విచ్చి ఆపినా బిళ్ళ వెంటనే ఆగదు. అది పూర్తిగా నిలిచేవరకు ఆయన బల్ల దగ్గరకు రానివ్వలేదు. ఆ తరువాత ప్లగ్గు కూడా ఊడదీశాడు.

“బ్లేడు మొద్దుబారింది మామయ్యా. కొత్తది తెచ్చుకుందాం” అన్నాడు కుర్రవాడు.

“దాని తప్పో, మన తప్పో ముందు చూడు. కొనేది ఎంతసేపు!”

కుర్రవాని మాట పూర్తిగా అకారణం కాదు. పాత ఉక్కు రంపమైతే రాత్రి భోజనం చేశాక దీపం ముందు కూర్చుని ఆకురాయితో పళ్ళకు పదును పెట్టుకునేవారు. ఇప్పటి బిళ్ళల పళ్ళ కొసన టంగ్‌స్టన్ కార్బైడు ముక్కలు అతికి ఉంటాయి. ఈ గట్టి లోహానికి 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ పేటెంటు కోరాడు. విద్యుద్దీపాలలోని సన్నని తీగెను సాగదీసే అచ్చుల కోసం వెతుకుతుండగా దొరికిన పదార్థమిది. ‘వజ్రంలాంటిది’ అనే అర్థం వచ్చే జర్మన్ మాటలనుంచి దీనికి విడియా అనే వ్యాపారనామం పుట్టింది. దీనిమీద ఆకురాయి జారిపోతుంది. వజ్రపు పొడి పూసిన చక్రం కావాలి. పదును తన చేతిలో లేనప్పుడు పనివాడు తొందరపడి బిళ్ళనే నిందిస్తాడు.

మేనమామ బిళ్ళను విప్పి వెలుతురుకు పట్టాడు. పళ్ళ మొదళ్ళలో టేకు జిగురు నల్లగా పేరుకొని ఉంది. బట్టల సోడా కలిపిన వేడినీళ్ళలో నానవేసి, పాత బ్రష్షుతో తోమితే అడుగున కార్బైడు కొసలు పదునుగానే తేలాయి. గోరు మీద ఆనిస్తే పొట్టు లేచింది. అప్పుడాయన పళ్ళు లెక్కపెట్టమన్నాడు. అరవై.

అక్కడ మొదటి తప్పు దొరికింది. మొన్న ప్లైవుడ్ కోయడానికి పెట్టిన బిళ్ళను కుర్రవాడు మార్చలేదు. అడ్డకోతకు దగ్గరదగ్గర పళ్ళు మంచివి. అంచు నున్నగా వస్తుంది. నిలువుకోతలో పొడుగాటి పేళ్ళు లేస్తాయి. ఆ పొట్టు నిలవడానికి పళ్ళ మధ్య లోతైన సందులు కావాలి. సందు చాలకపోతే పొట్టు అక్కడే చిక్కుకొని రాచుకుంటుంది, వేడెక్కుతుంది, చెక్కను కాలుస్తుంది. ఇరవైనాలుగు పళ్ళ బిళ్ళ గోడకు వేలాడుతూనే ఉంది!

దానిని బిగించబోతూ ఇరుసు బిళ్ళలకు అంటిన పొట్టును తుడిచారు. అంత పొట్టు చాలు, రంపం వంకరగా ఊగడానికి. ఒక ముక్క కోసి చూశారు. మునుపటికంటే మేలే గాని నలుపు పూర్తిగా పోలేదు. అయితే ఆ నలుపు ఒక పక్కనే ఉంది, గైడు వైపు.

“ఇప్పుడు దొరికాడు దొంగ” అన్నాడు మేనమామ.

చెక్క తిన్నగా సాగడానికి ఆనించే ఇనుప పట్టీనే గైడు అంటారు. మళ్ళీ ప్లగ్గు తీసి, ఒక పంటికి సుద్దగుర్తు పెట్టించాడు. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు గైడుకు ఎంత దూరం, అదే పంటిని వెనుకకు తిప్పితే ఎంత దూరం? వేర్వేరు పళ్ళను కొలిస్తే బిళ్ళ వంకర లెక్కలో కలిసిపోతుంది. అందుకే ఒకే పన్ను. వెనుకవైపు అర నూలు తక్కువ వచ్చింది. చెక్కలు దించేటప్పుడు ఏదో గైడుకు తగిలి ఉంటుంది. చెక్క ముందుకు పోతున్నకొద్దీ దారి ఇరుకై, అది రంపానికీ గైడుకూ మధ్య నలిగిపోతోంది.

ఇరుకున పడ్డ చెక్క కాలడంతో ఆగదు. రంపపు ముందు పళ్ళు కిందికి దిగుతాయి, వెనుక పళ్ళు పైకి లేస్తాయి. ఆ వెనుక పళ్ళు పట్టుకుంటే చెక్కను ఎత్తి నెట్టేవాని మీదికే విసురుతాయి. 10 అంగుళాల బిళ్ళ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 190 కిలోమీటర్లు. చెక్క ఎగిరిన క్షణంలో, దానిని నెడుతున్న చేయి ముందుకు తూలి ఎక్కడ పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. మేనమామ ఎడమ చూపుడువేలు మొదటి కణుపు వరకే ఉంది. అదెలా పోయిందని మేనల్లుడు చిన్నప్పటినుంచి అడగలేదు. ఆ రోజూ అడగలేదు. ఒక తోపుడుకర్ర మాత్రం తానే చెక్కుకున్నాడు.

చర్మం తగిలీ తగలకముందే, సెకనులో రెండువందలవ వంతు కాలంలో బిళ్ళను నిలిపివేసే ఉపాయాన్ని అమెరికాలో స్టీఫెన్ గాస్ 1999లో ఊహించాడు. అటువంటి మిషన్లు ఉన్నాయి. ఈ పాకలో ఉన్నది అది కాదు.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో క్రకచవ్యవహారం అనే భాగం ఉంది. క్రకచమంటే రంపం. కోసిన మేర వైశాల్యాన్ని కోతల సంఖ్యతో గుణించి పనిని లెక్కకట్టాలట. కూలి మాత్రం కొయ్య మెత్తదనాన్ని, గట్టిదనాన్ని బట్టి మాట్లాడుకోవాలట. ఎంత న్యాయమైన ఏర్పాటు! కాలిన కోతకు మాత్రం ఏ గణితమూ కూలి ఇప్పించదు. ఆ చెక్కను చిత్రికపట్టి నలుపు పోగొట్టేసరికి అది రెండు నూళ్ళు సన్నబడింది. ద్వారబంధానికి పనికిరాదు, కిటికీకి సర్దారు. దాని ఖరీదు ఎవరి లెక్కలో పడిందో ఇంటివారికి తెలియదు.

గైడు సరిచేశాక మిగిలిన చెక్కలు ఒకే స్వరంతో, పసుపుపచ్చని పొట్టు రాలుస్తూ కోసుకుపోయాయి. చివరి చెక్క జానెడు మిగిలి ఉండగా కరెంటు పోయింది. మేనమామ స్విచ్చి ఆపి, బిళ్ళ నిలిచాక చెక్కను బయటకు లాగి, గోడమీది చేతిరంపం అందుకున్నాడు. కుర్రవాడు రెండో కొసను పట్టుకున్నాడు.