తవుడుతో పోయిన బలము



జూన్ నెల వచ్చి మృగశిర కార్తె తొలి చినుకు పడగానే మీ గ్రామములలో విత్తనముల సంచులు విప్పుదురు. మా ఉపాధ్యాయుల యిండ్లలో పుస్తకముల సంచులు విప్పుదుము. మాకును అది విత్తు కాలమే. అట్టి విత్తు కాలములో నా యింట జరిగిన పొరపాటు నొకదానిని మీ యెదుట ఒప్పుకొనుచున్నాను. దీనివలన ఒక్క తల్లికైనను మేలు కలిగిన చాలును.

నేను హైదరాబాదులోని తార్నాకలో నివసించుచు, ఒక ప్రభుత్వ పాఠశాలలో పని చేయుచున్నాను. నా భర్త రైల్వే ఉద్యోగి. వారిది వంతుల డ్యూటీ గనుక వారములో సగము రాత్రులు ఇంట నుండరు. మా అత్తమ్మ, పండ్రెండేండ్ల కుమారుడు, పదియేండ్ల కుమార్తె నాతో నుందురు.

2024వ సంవత్సరమున మా రాష్ట్రములో జూన్ 12వ తేదీన బడులు తెరచిరి. అంతకు ముందు నుండియే బడిబాట పని మొదలయ్యెను. ఎండలో ఇంటింటికి తిరిగి, "మీ పిల్లను బడికి పంపండమ్మా" అని తల్లిదండ్రులను బ్రతిమాలవలెను. పుస్తకములు లెక్కపెట్టవలెను, హాజరు పట్టీలు వ్రాయవలెను, పాఠ్య ప్రణాళికలు సిద్ధము చేయవలెను. ఇంటికి వచ్చిన తరువాత నా పిల్లల పుస్తకములకు అట్టలు వేయవలెను. ఈ పనులన్నిటిలో ఒక్కదానిని కూడ నేను తప్పలేదు. తప్పినది వంట ఒక్కటే.

ఉదయము బేకరీ బన్ను. అది లేనినాడు ఏమియు లేదు. మధ్యాహ్నము డబ్బాలో తెల్లని అన్నము, ఆవకాయ. సాయంకాలము నూడిల్సు. కూరగాయల సంచి తలుపు వెనుక మేకునకు వ్రేలాడుచునే యుండెను. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పిచేత పొయ్యి దగ్గర నిలువలేదు. అయినను ఆమె రెండు మారులు, "ఆకుకూర నేను తెంపి పెడత బిడ్డా, నువ్వు పొయ్యి మీద వేస్తే చాలు" అనెను. "ఈ వారం గడవనీయండి అత్తమ్మా" అని నేనంటిని. ఆ వారము గడచెను. అటువంటిదే మరియొక వారము వచ్చెను.

బడి తెరచిన రెండవ వారములో నేను ఆహారమును గూర్చిన పాఠము చెప్పుచుంటిని. నల్లబల్లమీద పెద్ద పళ్లెము గీసి, అందులో సగము కూరగాయలు, పండ్లు ఉండవలెననియు, మిగిలిన సగములో ధాన్యములు, పప్పులు, గింజలు, గుడ్లవంటివి ఉండవలెననియు చెప్పితిని. "పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లు చేతులెత్తండి" అని అడిగితిని. నలుగురు చేతులెత్తిరి. 'ఈ తల్లులకు ఎప్పుడు తెలియును?' అని మనస్సులో విసుగుకొంటిని. సుద్దముక్క చేతిలో నుండగానే నా కుమార్తె చదువు బడినుండి కబురు వచ్చెను. ఉదయము ప్రార్థన వరుసలో నిలుచున్న పిల్ల కండ్లు తిరిగి పడిపోయినదట.

ఆసుపత్రిలో రక్తము పరీక్షించిరి. హీమోగ్లోబిన్ తొమ్మిది గ్రాములున్నది. ఆ వయస్సు పిల్లలకు అది పదకొండున్నరకు తగ్గరాదు. "పొద్దున ఏం తిన్నావు తల్లీ?" అని డాక్టరమ్మ అడిగెను. "ఏమీ తినలేదండి. మా అమ్మకు బడి పని చాలా ఉంది" అని నా బిడ్డ బదులు చెప్పెను. అది ఫిర్యాదుగా చెప్పినది కాదు. నా తప్పును తన చిన్న చేతులతో కప్పవలెనని చెప్పినది. ఆ మాట నన్ను ఏ గద్దింపు కంటెను ఎక్కువగా గాయపరచెను. డాక్టరమ్మ మెల్లగా, "టీచరుగారూ, ఇది రెండు వారాల్లో వచ్చింది కాదు, నెలల తరబడి తగ్గుతూ వచ్చింది" అనెను. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర వ్రాసి ఇచ్చి, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుమనియు, భోజనముతో టీ ఇవ్వవద్దనియు చెప్పెను. పులుపు ఇనుమును ఒంటికి పట్టించును. టీ దానిని అడ్డగించును.

మరునాడు తెల్లవారకమునుపే లేచి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి నడచితిని. తార్నాక వారికి అది నడకకు అలవాటైన చోటు. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతి భవనము ఎదుట కూర్చుంటిని. పల్లెలనుండి వచ్చిన యౌవనస్థులు చెట్లక్రింద పుస్తకములు పట్టుకొని చదువుకొనుచుండిరి. వారిలో ఎందరు ఒక కప్పు టీతో మధ్యాహ్నము వరకు గడుపుదురో అని తలంచితిని.

ఆ ఆవరణ ప్రక్కనే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. నేను బల్లమీద గీసిన పళ్లెము ఆ సంస్థ వారు 2024 మే నెలలో ప్రకటించిన ఆహార నియమములలోనిదే. విశ్వవిద్యాలయమును ఆ సంస్థయు ఒకే సంవత్సరమున, 1918లో, పుట్టినవి. ఆ సంస్థ మొదట నీలగిరి కొండలలోని కూనూరులో రాబర్టు మెకారిసను అను వైద్యుని యొక్క ఒక్క గది ప్రయోగశాలగా ఆరంభమయ్యెను. 1958లో హైదరాబాదునకు వచ్చెను. ఆ ఒక్క గదిలో మొదట చేసిన విచారణ బెరిబెరి వ్యాధిని గూర్చినది. ఆ వ్యాధి వచ్చినవారి కాళ్లు తిమ్మిరెక్కి, నరములు చచ్చి, గుండె బలహీనపడును. ఒకప్పుడు మన కోస్తా జిల్లాలలోను అది యుండెను.

దాని కారణమేమి? అంతకు మునుపే జావా దీవిలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, మరపట్టిన తెల్లని బియ్యము తిన్న కోళ్లు నరముల జబ్బుతో కూలబడుటయు, పొట్టుతోనున్న బియ్యము పెట్టగా తిరిగి లేచుటయు చూచెను. బియ్యము మెరయవలెనని గీరి పారవేసిన తవుడులోనే బలమున్నది. గింజ అందముగా నుండెను గాని దాని ప్రాణము తవుడుతో పోయెను.

అక్కడ కూర్చుండి నన్ను నేను చూచుకొంటిని. నా రిజిష్టర్లలో కొట్టివేత లేదు. నా పాఠ్య ప్రణాళికను అందరును మెచ్చుకొనిరి. నా దినము మెరయుచున్నది. అట్లు మెరయించుటకు నేను గీరి పారవేసినది మాత్రము నా బిడ్డ ఉదయపు ముద్ద.

ఇంటికి వచ్చి అత్తమ్మతో, "నన్ను క్షమించండి. ఎట్లా చేద్దామో మీరే చెప్పండి" అంటిని. ఆమె నవ్వి, "బడికి టైంటేబుల్ వేస్తవు కదా, పొయ్యికి కూడా వెయ్యి" అనెను. ఆ ఆదివారము సాయంకాలము పాఠ్య ప్రణాళిక వ్రాసిన కాగితము మీదనే వారపు వంటను కూడ వ్రాసితిమి. సోమవారము పెసరట్టు, పెసలు ముందు రాత్రి నానబెట్టుట కుమారుని వంతు. మంగళవారము రాగి జావ, గుడ్డు. బుధవారము ఇడ్లీ, పల్లీల పచ్చడి. మధ్యాహ్నపు డబ్బాలో ఒకనాడు మునగాకు పప్పు, ఒకనాడు పుంటికూర, ఒకనాడు పాలకూర, వాటితో నిమ్మకాయ చెక్క. రాత్రివేళ అత్తమ్మ కుర్చీలో కూర్చుండి ఆకుకూర తెంపుచుండగా నేను ప్రక్కనే పుస్తకములు దిద్దుకొందును. బడి ఆలస్యమైన దినమున దారిప్రక్కన పొయ్యిమీద జొన్నరొట్టెలు చేసి అమ్ము అమ్మ దగ్గర నాలుగు రొట్టెలు కొని, ఇంట పప్పు మాత్రము వండుదును. బిస్కట్టుల డబ్బాలో ఇప్పుడు పల్లీ బెల్లపు ముద్దలున్నవి.

ఇందులో గొప్ప వంట ఏదియు లేదు. బబులోను రాజు నగరులో మూడు సంవత్సరముల చదువునకు నియమింపబడిన దానియేలును అతని స్నేహితులును కూడ విద్యార్థులే. రాజు బల్లమీది పదార్థములను విడిచి, శాకధాన్యములతోను నీళ్లతోను పది దినములు పరీక్షకు నిలిచిన ఆ బాలురను తలంచుకొనినప్పుడు, మా బీద పళ్లెము నాకు చిన్నదిగా కనబడలేదు.

నాలుగు నెలల తరువాత మరల రక్తము పరీక్ష చేయించితిమి. పదకొండు గ్రాముల ఆరు పాళ్లు వచ్చినది. ఆ రాత్రి భోజనమునకు ముందు నా కుమార్తెయే ప్రార్థన చేసెను. "మా అమ్మకు తీరిక ఇచ్చినందుకు స్తోత్రము" అనెను. నిజమునకు నాకు తీరిక పెరుగలేదు. బడి పని అంతే యున్నది. తప్పిపోవు దినములు ఇప్పటికిని కొన్ని యున్నవి. అయితే ఏది ముందు గదిలించవలెనో తెలిసినది.

బడిలో కూడ ఒక మార్పు జరిగెను. ఉదయము తినక వచ్చిన పిల్లలు ఎవరని నేనిప్పుడు అందరి యెదుట చేతులెత్తమని అడుగను. నా సంచిలో పల్లీ ముద్దల పొట్లము నొకటి ఉంచుకొందును. ఆ తల్లులను గూర్చి మనస్సులో విసుగుకొనుట మానితిని. వారికి ఏ పని యడ్డమైనదో నాకేమి తెలియును?

గ్రామ సంఘములలోని ప్రియులారా, మీ పెరటిలో మునగచెట్టు ఉన్నది. మీ చేని గట్టున ఆకుకూర ఉన్నది. మీ గాదెలో జొన్నలో రాగులో ఉన్నవి. పట్టణపు పొట్లములు మెరయుచున్నవని వాటికొరకు వీటిని విడువకుడి. ఈ జూన్ నెలలో మీ బిడ్డకు పలక, సంచి, బట్టలు సిద్ధము చేయునప్పుడు ఉదయపు ముద్దను కూడ ఆ జాబితాలో మొదట వ్రాయుడి. మన బిడ్డలు మన పక్షమున సాకులు చెప్పవలసిన దినము రాకుండ దేవుడు మనకు సహాయము చేయును గాక.