డోలీ కుట్టాలంటే ఏ మిషన్ కొనాలి?

మేం పాడేరు వైపు వాళ్లం. మా ఊరి కుర్రాళ్లం, ఆడపిల్లలం కలిపి తొమ్మిది మందిమి డబ్బులు వేసుకుని ఒక కుట్టు మిషన్ కొన్నాం. జాకెట్లు కుట్టడానికి కాదు. వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి వచ్చేవాళ్లకి అద్దెకిచ్చే టెంట్లు, బ్యాగులు బాగుచెయ్యాలి. అంతకన్నా ముఖ్యం, రోడ్డు లేని పై ఊళ్లకి గట్టి కాన్వాస్ డోలీలు కుట్టాలి. అక్కడ ఇప్పటికీ పురిటి నొప్పులొస్తే కర్రకి దుప్పటో చీరో కట్టి మోసుకొస్తున్నాం. టెంట్ కుట్టు తెగితే మళ్లీ వేసుకోవచ్చు. డోలీ కుట్టు దారిలో తెగితే? అందుకే మిషన్ కోసం రెండు నెలలు తిరిగాం.

ముందు ఒక మాట. టెంట్ గుడ్డ పల్చనే. మందమంతా మూలల్లో ఉంటుంది. గుడ్డ మడత, దాని మీద పట్టీ, పట్టీ మడత కలిస్తే ఐదారు పొరలు. మిషన్ ఆగిపోయేది అక్కడే. షాపులో పల్చటి కాటన్ ముక్క మీద కుట్టి చూపిస్తారు. దాని మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. మీ పనిలో అన్నిటికన్నా మందమైన మూల ముక్క మీరే పట్టుకెళ్లండి.

ఇంట్లో వాడే చిన్న మిషన్ పట్టీల దగ్గర మూలుగుతుంది. బట్టల ఫ్యాక్టరీల్లో వాడే కరెంటు మిషన్ నిమిషానికి 5,000 కుట్ల దాకా వేస్తుంది కానీ అది చొక్కా గుడ్డ కోసం చేసిన వేగం. వేగం వేరు, బలం వేరు. పైగా ఈ రెండిట్లోనూ గుడ్డని లాగేది కింది పళ్లే. కింది పొర ముందుకి పోతుంది, పై పొర వెనకబడుతుంది. వాకింగ్ ఫుట్ మిషన్‌లో పై పాదం కూడా నడుస్తుంది కాబట్టి పొరలన్నీ కలిసి కదులుతాయి. మందం పనికి అదే సరైనది. కానీ ఖరీదెక్కువ, బరువెక్కువ, మోటారు కావాలి. మా దగ్గర వానాకాలం కరెంటు ఎప్పుడుంటుందో తెలీదు.

చివరికి టైలర్లు వాడే అంబ్రెల్లా మిషన్, కాలితో తొక్కేది, పాతది తీసుకున్నాం. కొనేముందు చక్రం చేత్తో తిప్పుతూ ఆరు పొరల మీద మెల్లగా కుట్టించాం. చక్రం బిగుసుకోలేదు, కుట్టు తప్పలేదు. కుట్టు తప్పితే వెంటనే మిషన్‌ని తిట్టకండి, ముందు సూది మార్చి చూడండి. మందానికి 16 గానీ 18 గానీ నంబరు సూది వెయ్యాలి. దారం పాలియెస్టర్‌దే. నూలు దారం వానకి కుళ్లిపోతుంది. నైలాన్ గట్టిదే కానీ ఎండకి త్వరగా చచ్చిపోతుంది. కుట్టు 3, 4 మిల్లీమీటర్ల పొడవుండాలి. మరీ దగ్గరగా వేస్తే పట్టీకి చిల్లులు పడి అక్కడే చిరుగుతుంది.

డోలీ విషయంలో మిషన్ కంటే కొలత పెద్దది. పట్టీని గుడ్డ అంచుకి అతికించి వదలకూడదు. కర్ర దగ్గర మొదలై గుడ్డ కిందనుంచి చుట్టి రెండోవైపు కర్ర దాకా ఒకటే పట్టీ రావాలి. అప్పుడు మనిషి బరువు పట్టీ మీద పడుతుంది, గుడ్డ కుట్టు మీద పడదు. పట్టీ చివర మడిచి కుట్టే చోట చదరం కుట్టు వేసి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తులా రెండు గీతలు కుట్టాలి. మొదటి డోలీలో 50 కిలోల బస్తాలు రెండు వేసి రాత్రంతా వేలాడదీశాం. తెల్లారి చూస్తే ఒక్క కుట్టు కూడా కదల్లేదు. ఆ తర్వాతే పై ఊరికి ఇచ్చాం.

రోడ్డు అడగడం మాత్రం మానలేదు. అంబులెన్స్ ఇంటి ముందుకి వచ్చిన రోజున ఈ మిషన్ టెంట్లకీ బ్యాగులకీ సరిపోతుంది. అప్పటిదాకా మీ ఊళ్లో ఎవరైనా కుట్టదలుచుకుంటే చెప్పండి, కొలతలు మేమిస్తాం.