క్లాసు గదిలో అమ్మల గొంతు

తెలుగు పాఠానికి ప్రొజెక్టరు ఎందుకని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. పుస్తకం, సుద్దముక్క, మంచి కంఠం ఉంటే చాలదా అంటారు. నా కంఠం అంత మంచిదేమీ కాదు. అదలా ఉంచితే, నా విద్యార్థుల్లో చాలామంది పుస్తకాల మధ్య పెరిగినవాళ్ళు కాదు. టీవీతో, పాటలతో, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుతో పెరిగినవాళ్ళు. వాళ్ళ దగ్గరికి చేరడానికి ఏ దారి దొరికినా పోవాల్సిందేనని నేననుకుంటాను. అయితే కొన్నేళ్ళు ఆ దారిన నడిచాక, మల్టీమీడియా అనే మాటకి మన కాలేజీల్లో చెప్పుకుంటున్న అర్థం మీద నాకు అనుమానం పుట్టింది.

నేను చెప్పేది ఎనుమాముల సంగతి. వరంగల్ అంచున ఉన్న ఈ ఊరి పేరు వినగానే అందరికీ వ్యవసాయ మార్కెట్టే గుర్తొస్తుంది. పత్తి, మిర్చి, పసుపు, మక్కలు. సంక్రాంతి దాటితే యార్డంతా మిర్చి బస్తాలు, చుట్టూ కోల్డ్ స్టోరేజీలు, గాలి నిండా ఘాటు. మార్చి నెలలో మా క్లాసు కిటికీ తెరిస్తే పాఠం దగ్గుల మధ్యే నడుస్తుంది. నా విద్యార్థినుల తల్లులు చాలామంది ఈ మార్కెట్ మీదే బతుకుతారు. చాట కూలీలు, యార్డు ఊడ్చేవాళ్ళు, మిర్చి తొడిమలు తీసేవాళ్ళు. మార్కెట్ ధరలు ఎప్పుడో కంప్యూటర్ తెర మీదికెక్కాయి. ఆ తెర మీద మిర్చి రకం కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది. దాన్ని చెరిగిన ఆడమనిషి కనిపించదు.

చదువుకి తెర తోడవడం మనకి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్ళకి టీవీ పాఠాలు వచ్చాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తర్వాత మన టీవీ వచ్చింది, 2017లో అది టీ-శాట్ అయింది. 2020లో కరోనా వల్ల బళ్ళు మూతపడ్డప్పుడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకి పాఠాలు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో వచ్చాయి. ఇవన్నీ అక్కరకొచ్చినవే, తీసిపారేయను. కానీ వీటన్నిటిలోనూ తెర మాట్లాడుతుంది, పిల్లలు వింటారు. పైగా ఆ కరోనా ఏడాది ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో నాకు ఆడపిల్లలే చెప్పారు. "తమ్ముని క్లాసు అయినంక నాకిస్తరు మేడం" అని ఒకమ్మాయి. ఆ అయినంక ఏ రాత్రికో.

మా కాలేజీలో ప్రొజెక్టరుదీ అదే కథ. వైర్లు పెట్టడానికీ బల్లెక్కి తెర దించడానికీ ఎవరూ చెప్పకుండానే మగపిల్లలు లేస్తారు. ఆడపిల్లలు కిటికీ తలుపులు వేసి, లైట్లు ఆర్పి కూచుంటారు. గంటల లెక్కన జీతం తీసుకునే నాలాంటి అధ్యాపకురాలు, అరవై నిమిషాల్లో పావుగంట ఈ తతంగానికే ఇచ్చుకోవాలి. ఇక అక్షరాల బాధ వేరు. ఇంట్లో అను ఫాంట్లలో టైపు చేసుకున్న పాఠం కాలేజీ కంప్యూటర్లో తెరిస్తే, ఆ ఫాంటు అక్కడ లేక, తెలుగంతా చుక్కలూ గీతలూ అయి నవ్వుతుంది. యూనికోడ్‌లోకి మారి, పోతన ఫాంటు పెట్టుకున్నాకే ఆ పీడ వదిలింది. పోతనది ఇక్కడికి దగ్గరే ఉన్న బమ్మెర అని చెబితే పిల్లలు ఫాంటుకి ఆ పేరెందుకొచ్చిందని అడిగారు. ఆ రోజు పాఠం బాగా నడిచిందంటే ఆ ప్రశ్న వల్లే.

తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యం చెప్పేటప్పుడు గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' కొంత భాగం చూపించాను. కదలకుండా చూశారు. లైట్లు వేశాక మాట్లాడమంటే ఒక్కరూ నోరు విప్పలేదు. సినిమా బాగుంది మేడం, అంతే. తెర నిండుగా ఉంటే మనం చేర్చడానికి ఏమీ మిగలదు కాబోలు.

ఆ తర్వాతి వారం 'మనకు తెలియని మన చరిత్ర' తీసుకెళ్ళాను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం. ఈ పత్రిక చదివేవాళ్ళకి దాని గురించి చెప్పనక్కర్లేదు. పాలకుర్తి చిట్యాల ఐలమ్మ, కడుపున పుట్టిన బిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ, మరెందరో పోరాటంలో తామేం చేశారో, పార్టీ తమతో ఎలా ఉందో తమ మాటల్లో చెప్పారు. నేను పిల్లలకి చెప్పదల్చుకున్నది మాత్రం మరొకటి. ఈ పుస్తకం ముందు పుస్తకం కాదు, టేపు. కొందరు ఆడవాళ్ళు ఇంకొందరు ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, ఎదురుగా కూచుని, మీట నొక్కి, విన్నారు. మన స్త్రీవాద పరిశోధనలో ఒక పెద్ద పని ఆ చిన్న యంత్రంతో జరిగింది. దాన్ని అప్పుడెవరూ మల్టీమీడియా అనలేదు.

"మా ఫోన్ల గుడ రికార్డింగు ఉంటది మేడం" అంది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి.

అలా మొదలైంది. ఇంట్లో పనిచేసే ఒక స్త్రీ మాట పది నిమిషాలు రికార్డు చేసి, దాన్ని రాసుకు రమ్మన్నాను. ఒకబ్బాయి వాళ్ళ నాన్నని రికార్డు చేసుకొచ్చాడు. "మా అమ్మ ఏం పని చెయ్యదు మేడం" అన్నాడు. మళ్ళీ పంపిస్తే రెండు బర్రెల పాలు, పేడ, గడ్డి, ముసలమ్మ మందులు, మొత్తం పదిహేడు నిమిషాలు తెచ్చాడు.

ఆడపిల్లలు తెచ్చిన వాటిలో కాంటా చప్పుళ్ళు, ఆటోలు, కుక్కర్ విజిళ్ళు, మధ్యలో తల్లుల గొంతులు. రాసుకొచ్చిన కాగితాలు చూస్తే ఆ గొంతులు లేవు. ఒకామె చెప్పింది: "చేతులు మండుతయి బిడ్డా, రాత్రి పండుకుంటె సుత మండుతయి." కూతురు రాసింది: "రాత్రి నిద్రించునపుడు కూడా చేతులు మండుచుండును." నవ్వొచ్చింది, వెంటనే దుఃఖమూ వచ్చింది. ఎందుకిలా రాశావంటే, "తప్పులు దిద్దిన మేడం" అంది. పన్నెండేళ్ళ చదువు ఆ పిల్లకి నేర్పింది అది. అమ్మ మాటలో తప్పులుంటాయి.

రెండు క్లాసులు దీని మీదే గడిపాం. రికార్డింగు ఒక్కో వాక్యం వినడం, ఆపడం, విన్నది విన్నట్టు రాయడం. 'సుత' అనాలా, 'గుడ' అనాలా? ఒకే వాడలో ఇద్దరు తల్లులు రెండూ అన్నారు. 'పోతాన' అన్నదాన్ని 'పోతున్నాను' చేస్తే ఏం పోతుంది? దగ్గు వచ్చిన చోట ఏం రాయాలి? మాట మధ్యలో ఆగి, గొంతు సర్దుకుని, వేరే విషయంలోకి వెళ్ళిపోతే ఆ ఖాళీని ఎలా చూపించాలి? సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు కూడా వీటికి తయారుగా జవాబుల్లేవు. 'మాభూమి' తర్వాత నోరు విప్పని క్లాసు గంట కొట్టినా లేవలేదు. "పరీక్షల గిట్ల రాస్తే మార్కులేస్తరా మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. వెయ్యరు అని చెప్పాను. ఇంకేం చెప్పను?

మూడో క్లాసుకి ముందు వరండాలో ఒకమ్మాయి నన్ను ఆపింది. వాళ్ళమ్మ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది. "మా అమ్మది క్లాసుల ఇనిపియ్యకుండ్రి మేడం. సగం దాక మంచిగనే ఉన్నది. అటెన్క ఎవలకూ చెప్పనిది చెప్పింది. నాకు సుత ఇంతకుముందు చెప్పలె." ఏం చెప్పిందో ఆ అమ్మాయి నాకు చెప్పింది. ఇక్కడ రాయను. పనిచోట ఆడవాళ్ళకి జరిగేవి మీకు తెలియనివి కావు. ఎదురుగా ఉన్నది కూతురు కాబట్టి, చేతిలో ఉన్నది ఇంటి ఫోనే కాబట్టి ఆమె చెప్పగలిగింది. పాఠం కోసమని అడిగితే బతుకు బయటికొచ్చింది. దాన్ని స్పీకర్లో పెట్టి యాభైమందికి వినిపిస్తే ఆ మధ్యాహ్నానికే అది వాడ చేరుతుంది, మర్నాటికి మేస్త్రీ చెవిలో పడుతుంది. పోయేది ఆమె కూలీ ఒక్కటే కాదు.

ఆ అమ్మాయే ఫోను పట్టుకుని మొదటి నాలుగు నిమిషాలు వినిపించి, తన వేలితో తనే ఆపేసింది. మిగతాది ఏమైందని ఎవరో అడిగితే "అది మా అమ్మది" అంది. ఆ క్లాసులో ఇంత గట్టిగా ఆమె మాట్లాడగా నేను వినలేదు.

అక్కడి నుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పెట్టింది పిల్లలే. రికార్డింగు ఎవరి ఫోనులో ఉంటే అక్కడే ఉండాలి. క్లాసు వాట్సాప్ గుంపులోకి రాకూడదు. వినిపించేముందు చెప్పిన మనిషికి వినిపించాలి, వద్దన్న చోట ఆపాలి. సరిగ్గా ఇదే సమయంలో కాలేజీవాళ్ళు, సాంకేతికతతో బోధనకి ఇది మంచి నమూనా, ఆడియోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టివ్వండి, నివేదికలో చూపిద్దాం అన్నారు. ఇవ్వలేనని చెప్పాను. తల్లులు ఒప్పుకున్నవి రాతలో, పేర్లు లేకుండా ఇస్తానన్నాను. ఆడియో లేకపోతే మల్టీమీడియా ఎలా అవుతుందన్నారు. న్యాయమైన ప్రశ్నే, వాళ్ళ ఫారంలో ఆ గడి ఉంది మరి. ఆ గడి ఖాళీగానే వెళ్ళింది. వచ్చే ఏడాది నాకు గంటలిస్తారో లేదో ఇంకా తెలియదు.

పిల్లలు మాత్రం ఇళ్ళకి తిరిగి వెళ్ళి వినిపించి వస్తున్నారు. కొందరు తల్లులు నవ్వి, గిదేం గొంతు, నాదేనా అన్నారట. ఒకామె తన రేటు మాట తీసెయ్యమంది. యార్డులో చాట పట్టే ఒకామె, ఓ సాయంత్రం పని దిగి, తలకి కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా కాలేజీ గేటు దగ్గరికి కూతురితో వచ్చింది. ఫోను చెవికి ఆనించుకుని మొత్తం పన్నెండు నిమిషాలూ నిలబడే వింది. అయ్యాక నా వైపు తిరిగి, "ఇది క్లాసుల ఎవలెవలు ఇంటరు మేడం?" అని అడిగింది. హాజరు పట్టీ తీసి ఒక్కో పేరూ చదివాను. ఏ పేరు ఎవరి బిడ్డదో కూతురిని అడిగి తెలుసుకుంటూ, చివరిదాకా వింది.