ద్వారం తెరిచి నిలిచినవారు

లోకసంగ్రహం అనే పదం గీతాధ్యయనం చేసేవారందరికీ సుపరిచితమే. మూడవ అధ్యాయంలో జనకాదుల ప్రస్తావనతో వచ్చే ఆ మాటకు, జనులను అపమార్గం నుండి నివారించడమని శంకర భగవత్పాదులు అర్థం చెప్పారు. ఉపన్యాసాలలో అది వినబడినప్పుడల్లా శ్రోతల మనస్సులో మెదిలేది రాజర్షులు, ఆచార్యులు, మహాపురుషులు. నాకు మాత్రం కొన్నేళ్ళుగా ఆ మాట వినగానే కంప్యూటర్ తెరపై కదలక నిలిచిన ఒక చిన్న బాణపు గుర్తు స్ఫురిస్తోంది. పెద్దలు నవ్వుకొనవచ్చు, కించిత్ ఓపిక పట్టమని ప్రార్థన.

ఆ ఆట పేరు కర్సర్స్. 2015లో వచ్చి విశేష ప్రచారం పొందిన అగార్.ఐఓ అనే ఆటను రూపొందించిన బ్రెజిల్ దేశస్థుడు మాథ్యూస్ వలదారెస్ దీనికీ కర్త. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులకు వచ్చి నాకు చూపించాడు. బ్రౌజరులో తెరుచుకొనే చిక్కుదారుల ఆట అది. మౌసు బాణమే అందులో మన దేహం. అదే క్షణంలో ఏ దేశంలో ఎవరు ఆడుతున్నా వారి బాణాలూ మన తెరపై సంచరిస్తూ కనిపిస్తాయి. అన్నీ ఒకే ఆకారం. పేరు లేదు, ముఖం లేదు, మాట్లాడుకొనే వీలు లేదు. నామరూపాలు రెండూ తొలగిన స్థితి వేదాంతులకు పరిచితమైన ఊహే కాని, ఇక్కడ అది సమాధి వలన కాక, ఆట నిర్మించినవాని పొదుపరితనం వలన సిద్ధించింది!

దారిని గోడలు అడ్డగిస్తాయి. వాటిని తెరిచే మీటలు రెండు విధాలు. మొదటిదానిపై ఒక సంఖ్య ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ అది తగ్గుతుంది. ఒక్కరే నొక్కితే వేలు నొప్పి పుడుతుంది, పదిమంది కూడితే క్షణాల్లో పని పూర్తవుతుంది. ఇది శ్రమదానం వంటిది, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. రెండవదే నన్ను ఆలోచింపజేసింది. అది ఒక రంగు గడి. ఎవరో ఒకరు దానిపై నిలిచి ఉన్నంతసేపే గోడ తెరిచి ఉంటుంది. వారు కదిలితే మూసుకొంటుంది. కనుక తెరిచినవాడు తాను దాటలేడు. అతడు దాటాలంటే మరొకరు వచ్చి ఆ గడిపై నిలవాలి.

నేను చూసిన ఒక ఘట్టంలో ఎవరో అలా నిలిచారు. నేను దాటాను, నా వెనుక ఆరేడుగురు దాటారు. అవతల ఆగి చూస్తున్నాను. ఇంతలో ఒక బాణం గోడ దాకా వచ్చి, దాటకుండా వెనుదిరిగి, ఆ గడిపైకి వెళ్ళి మొదటి బాణం పక్కన నిలిచింది. పలకరింపు లేదు, సైగ లేదు. మొదటి బాణం ఒక క్షణం తటపటాయించింది. తరువాత మెల్లగా బయలుదేరి మా వైపు వచ్చింది. ఎవరు ఎవరికి ఏమి చెప్పారు? ఒకరి నిలకడను మరొకరు చూశారు, అంతే.

ఇటువంటి సామూహిక కార్యాలు ఇంటర్నెట్‌లో ఇంకా ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో రెడిట్‌లో 72 గంటలు సాగిన 'ప్లేస్'లో పది లక్షల చుక్కల ఫలకంపై లక్షలాది మంది రంగులద్దారు. అదీ సహకారమే. అయితే అక్కడ దేశాల జెండాలు, వర్గాల చిహ్నాలు నిండిపోయాయి. 'నేను' అనేది 'మేము'గా విస్తరించింది కాని కరగలేదు. కర్సర్స్‌లో పట్టుకొనడానికి ఏ జెండా లేదు.

దీనిని నిష్కామకర్మ అనవచ్చునా? తొలుత నేనూ అలాగే అనుకొని, ఆ ఉత్సాహంతో మా అక్కకు వివరించబోయాను. ఆమెకే చెప్పడానికి కారణముంది. 1978లో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. అక్క అప్పుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. పుస్తకాలు అటకెక్కాయి. తొమ్మిదేళ్ళపాటు అమ్మకు స్నానం, పథ్యం, మందులు, రాత్రి జాగరణ అన్నీ ఆమే. ఆ తొమ్మిదేళ్ళలో నేను విశాఖపట్నంలోనూ తమ్ముడు హైదరాబాదులోనూ చదువులు ముగించి ఉద్యోగాలలో చేరాం. బంధువులు ఆమెను కర్మయోగిని అని కొనియాడేవారు.

ఆట సంగతి అంతా విని అక్క అన్నది: "నిష్కామమని నువ్వు ఎలా చెప్పగలవురా? ఆ నిలబడినవాడికి అవతలికి పోవాలని ఉండదూ? నాకు బి.ఎస్సీ. చదవాలని ఎంత ఉండేదో నన్ను ఎవరైనా అడిగారా?"

ఆమె గొంతులో కోపం లేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూనే అన్నది. నాకు మాత్రం చాలాసేపు జవాబు దొరకలేదు.

అప్పటి నుండి నా ఆలోచన దిశ మారింది. కామం ఉన్నదో లేదో కర్తకే తెలుస్తుంది, సాక్షియైన ఆత్మకు తెలుస్తుంది, దాటిపోయినవాడికి తెలియదు. నిలిచినవారికి నిష్కాములనే బిరుదు తగిలించడం దాటినవారికి సుఖంగా ఉంటుంది, ఎందుకంటే ఆ బిరుదుతో వారి ఋణం మాఫీ అయినట్లు అనిపిస్తుంది. గీత ఆ వెసులుబాటు ఇవ్వలేదు. అదే మూడవ అధ్యాయంలో యజ్ఞచక్రాన్ని చెప్పేచోట పరస్పరభావన అనే ఊహ ఉంది. దేవతలిచ్చినదానిని తిరిగి ఇవ్వక అనుభవించేవానిని అక్కడ చోరుడనే అన్నారు. మనం సాధారణంగా నిలిచినవాని మహిమనే కీర్తిస్తాం. ఆ చక్రం ప్రశ్నించేది దాటినవానిని. నేను చూసిన ఘట్టంలో ఆశ్చర్యపడవలసింది మొదటి బాణాన్ని చూసి కాదు. దాటగలిగి ఉండీ వెనుదిరిగిన రెండవ బాణాన్ని చూసి. ఆ సమూహంలో అందరం దాటాం, ఒక్కరే తిరిగి చూశారు.

మరుసటి సంక్రాంతికి అందరం రాజమహేంద్రవరంలో అక్క ఇంట కలిశాం. పిల్లవాడు రెండు ల్యాప్‌టాపులలో ఆ ఆట తెరిచి, అక్క చేతికి మౌసు ఇచ్చాడు. కొంతసేపు ఆమె బాణం గోడలకు తగులుతూ తిరిగింది. రంగు గడి ఉన్న ఘట్టం రాగానే కళ్ళజోడు సవరించుకొని నా వైపు చూసింది.

"ఈసారి నువ్వు నిలబడు."

నిలబడ్డాను. ఆమె తొందర లేకుండా దాటి, పచ్చని నిష్క్రమణద్వారంలో ప్రవేశించి నా తెరపై నుండి అదృశ్యమయింది. "ఇక్కడ ఇంకో గోడ ఉందిరా" అని పక్క కుర్చీలోంచి అంటోంది. వెనుక ఎవరివో నాలుగు బాణాలు వస్తూ ఉండడంతో నేను మౌసు కదపలేదు.