‘ఇత్తె కిమస్’ అంటే వెళ్ళొస్తాననే!

2025 మార్చిలో ‘దేవర’ విడుదల సందర్భంగా మన ఎన్టీఆర్ జపాన్ వెళ్ళాడు, గుర్తుందా? అక్కడ వొక అభిమానురాలు ఆయనతో తెలుగులో మాట్లాడింది. ‘ఆర్ఆర్ఆర్’ చూశాక నేర్చుకోవడం మొదలుపెట్టానంది. ఆ వీడియో చూసి మురిసిపోని తెలుగువాడు లేడు. మురిసిపోవడం అయ్యాక నాకో సందేహం వచ్చింది. రేపు ఆవిడే గుంటూరొచ్చి దిగితే, ‘ఏమండీ, కాఫీ తాగుతారా?’ అని ఆవిడ భాషలో అడగ్గల మొనగాడు మనలో వొక్కడైనా వున్నాడా అని!

వున్నారండీ. బ్రాడీపేటలో, వో మేడమీది గదిలో, ఇరవై మందిదాకా వున్నారు.

వాళ్ళ సంగతి చెప్పేముందు చిన్న సినిమా కబురు. జపాన్‌వాళ్ళకి మన దక్షిణాది చిత్రాలు కొత్తేం కాదు. 1998లో రజనీకాంత్ ‘ముత్తు’ అక్కడ విరగబడి ఆడింది. 2022 అక్టోబరు 21న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ వచ్చి బద్దలుకొట్టేదాకా ఆ వసూళ్ళ రికార్డు చెక్కు చెదరలేదు. అంతటితో ఆగారా? 2024 జనవరిలో తకరాజుకా నాటక సంస్థ ‘ఆర్ఆర్ఆర్’ని ఏకంగా రంగస్థలం మీదికెక్కించింది. ఆ సంస్థలో నటించేదంతా ఆడవాళ్ళే. భీమ్ వేషమూ ఆడదే, రామరాజు వేషమూ ఆడదే! చీరకట్టి సత్యభామగా వచ్చి జనాన్ని వెర్రెత్తించిన మన బాపట్ల స్థానం నరసింహారావుగారు చూసివుంటే ఎంత ముచ్చటపడేవారో!

సరే, మేడమీది గది. సినిమా పిచ్చితో జపనీసు నేర్చుకుంటున్న కుర్రకారు మీద నాలుగు పేజీలు రాద్దామని వెళ్ళాను. తీరా చూస్తే సినిమా పిచ్చివాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళంతా నర్సింగు చదివిన అమ్మాయిలు. జపాన్‌లో ముసలివాళ్ళెక్కువ, చూసుకునే చేతులు తక్కువ. 2021 జనవరిలో మన దేశానికీ వాళ్ళకీ ఒప్పందం కుదిరాక ఇక్కణ్ణుంచి ఆ పనికి వెళ్ళే దారి తెరుచుకుంది. భాషలో ఎన్4 మెట్టు ఎక్కాలి. ఆపైన వృద్ధుల సేవకి సంబంధించిన పరీక్షలు వేరే. రాసేసి వచ్చేద్దామని వెళ్ళినవాణ్ణి, ఫీజు కట్టి చివరి బెంచీలో కూర్చున్నాను.

నా ముందు బెంచీలో పర్చూరు వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. హాస్టల్లో వుండి చదువుకుంటోంది. వాళ్ళ నాన్న ఆ యేటి పత్తి డబ్బుల్లోంచి ఫీజు కట్టాడు. మూడోవారానికే మానేస్తానంది. ‘జపనీసు రాక కాదన్నా, ఆ పుస్తకంలో ఇంగ్లీషు అర్థంగాక చస్తన్నా’ అంది. నిజమే. పుస్తకంలో ప్రతి వాక్యానికీ ఇంగ్లీషులో అర్థం, ఇంగ్లీషులో వ్యాకరణం. గోడ దాటడానికి ఇంకో గోడ ఎక్కమన్నట్టు!

ఆ మర్నాడే పాఠంలో ‘ఇత్తె కిమస్’ అనే మాటొచ్చింది. ఇల్లు కదిలేటప్పుడు ఇంట్లోవాళ్ళతో చెప్పే మాట. ఇంగ్లీషువాడి దగ్గర దానికి సరిపడా మాట లేదు పాపం, అందుకని పుస్తకం అయిదు వరసల వివరణ ఇచ్చింది. ‘ఇత్తె’ అంటే వెళ్ళి. ‘కిమస్’ అంటే వస్తాను. ఆ అమ్మాయి తలెత్తి, ‘ఓస్, వెళ్ళొస్తాననేగా! దీనికింత రామాయణమా?’ అంది. గదంతా గొల్లుమంది. ఇంట్లోవాళ్ళిచ్చే జవాబు ‘ఇత్తెరస్షై’. అంటే వెళ్ళి రా. గడప దగ్గర ‘పోతున్నా’ అంటే మన ఇళ్ళలో వూరుకుంటారా?

ఇక ఆ రోజు నుంచి మేం ఇంగ్లీషుని బెంచీ కింద పెట్టేశాం. జపనీసులో కూడా క్రియ చివరికే వస్తుంది, మన మాటల్లాగే. ‘తబెతె మితె కుదసై’ అంటే వరసగా తిని, చూసి పెట్టండి. తిని చూడండి అని! మంచం మీద ముసలాయన్ని ‘దొకొ గ ఇతై దెస్ క?’ అని అడగాలి. దొకొ ఎక్కడ, ఇతై నొప్పి. మరి ‘దెస్’? పుస్తకం దాని మీద పేజీన్నర రాసింది. ఇక్కడ అది మన ‘అండి’ చేసే పనే చేస్తోంది. నొప్పి, నొప్పండి. అంతే! చివరి ‘క’ ప్రశ్న గుర్తు. పేరు చివర ‘సాన్’ అని మనవాళ్ళు సాగదీస్తారుగానీ ‘సన్’ అనాలి. అది మన ‘గారు’. మనల్ని మనం ‘గారు’ అనుకోం, వాళ్ళూ అంతే. అన్నకీ తమ్ముడికీ వేరే మాటలు, అక్కకీ చెల్లెలికీ వేరే మాటలు. మనుషుల్ని లెక్కపెడితే హితొరి, ఫుతరి. అచ్చం మన ఒకరు, ఇద్దరు.

‘చొత్తొ...’ అని సాగదీసి ఆపేస్తే కుదరదని అర్థం. మొహం మీద లేదనరు. పత్తి వ్యాపారి ‘చూద్దాం లెండి’ అన్నాడంటే బేరం పోయిందని తెలియని రైతు మన జిల్లాల్లో వున్నాడా!

అక్షరాల వరస వింటే ఇంకా ఆశ్చర్యం. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న... సంస్కృత అక్షరాలు చదువుకున్న బౌద్ధ భిక్షువుల పుణ్యమా అని ఆ వరుస మన దేశపు వర్ణమాల నుంచే వాళ్ళకి అబ్బింది. హ్రస్వం దీర్ఘం పట్టింపు కూడా వుంది. ‘ఒబసన్’ అంటే పిన్నో అత్తో. ‘ఒబాసన్’ అంటే నాయనమ్మ! యాభై యేళ్ళావిణ్ణి దీర్ఘం తీసి పిలిచారా, అయిపోయారే. తెలుగు చెవికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

గుంటూరువాళ్ళకి ఇంకొకటి చెప్పాలి. కారంగా వుంటే వాళ్ళు ‘కరై’ అంటారు! చుట్టరికం కలిపెయ్యకండి, కాకతాళీయం కావచ్చు. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీసుకీ బంధుత్వం వుందని ఏళ్ళ తరబడి వాదించాడుగానీ, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. మిరపకాయ మనకీ వాళ్ళకీ కూడా అమెరికా ఖండం నుంచి దిగుమతైన సరుకే. మనం మన మిరియాన్ని తలుచుకుని పేరు పెట్టుకున్నాం. వాళ్ళు తమ ఆవాలని తలుచుకుని ‘తోగరషి’ అన్నారు, చీనా ఆవాలని. నాలిక మండితే ‘హిరిహిరి’ అంటారు. మనం చురచుర అన్నట్టు.

అంతా పాయసమేనా అంటే కాదు. కంజీ అని చీనా లిపి వుంది. వాడుకలో తెలిసితీరాల్సినవే 2,136. అక్కడ తెలుగూ సాయం రాదు, దేవుడూ సాయం రాడు. దిద్దడమే. ఆ అమ్మాయి వాటిని హాస్టల్ గోడ నిండా అంటించింది.

మిరపకోతలయ్యాక వాళ్ళమ్మ వచ్చింది. క్లాసయ్యేదాకా వరండాలో కూర్చుని, నన్ను పట్టుకుంది. ‘ఎన్నేళ్ళు బాబూ?’ ఆ వీసా మొదటి రకానిది, మామూలుగా అయిదేళ్ళ దాకా, ఇంట్లోవాళ్ళని వెంట తీసుకుపోవడానికి వీల్లేదు. అదే చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

‘అయిదేళ్ళకి పోయేదాన్ని వెళ్ళొస్తానంటే ఎట్టా నమ్మేది?’ అంది చివరికి.

‘ఊరికే వెళ్ళటమేనా, తిరిగొచ్చి గుమ్మంలో చెప్పే మాటా వుందే అమ్మా. తదైమ. ఇప్పుడే వచ్చా అని. నువ్వేమో ఒకయెరి అనాలి.’

‘ఒకయేరి.’

‘యే కాదు, యె. కురచగా.’

ఆవిడ మళ్ళీ అంది. ఈసారి సరిగ్గా పడింది. పరీక్ష జూలై మొదటి ఆదివారం. గోడ మీద ఇంకా నూటపది కంజీలు మిగిలున్నాయి.